మాండవ్యుడి ప్రశ్న

సారపాక నుంచి భద్రాచలం పోయే గోదావరి వంతెనను 1965లో ప్రారంభించింది అప్పటి రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్. తత్వశాస్త్రం బోధించిన ఆ పెద్దమనిషికి పరీక్షల సంగతి లోతుగా తెలుసు. 1931 నుంచి 1936 దాకా ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా పనిచేశాడు. స్వాతంత్ర్యం వచ్చాక 1948లో కేంద్రం వేసిన విశ్వవిద్యాలయ విద్యా సంఘానికి అధ్యక్షుడయ్యాడు. విశ్వవిద్యాలయ చదువులో ఒకే ఒక్క సంస్కరణ చెప్పమంటే పరీక్షలను సంస్కరించమనే చెబుతామని ఆ సంఘం తన నివేదికలో రాసింది. దిద్దేవాళ్ళ ఇష్టాయిష్టాల మీద మార్కులు ఆధారపడకూడదని, ఎవరు దిద్దినా ఒకే మార్కు వచ్చే రకం ప్రశ్నలు వాడాలని కోరింది.

ఆయన సంఘం కోరిన పరీక్ష ఇప్పుడు కంప్యూటర్ తెర మీద జరుగుతోంది. సారపాక కాగితం ఊరు. ఇప్పుడు ఐటీసీ చేతిలో ఉన్న ఇక్కడి పేపర్ బోర్డు కర్మాగారం 1979లో మొదలై, ఇవాళ సుబాబుల్, జామాయిల్ కర్రను గుజ్జు చేసి అట్ట, కాగితం తీస్తోంది. ఆ ఊళ్ళో ఇంటర్ చదివిన పిల్ల ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్షలో చిత్తు లెక్కలకు తప్ప కాగితం ముట్టదు. ముందు కంప్యూటర్లున్న కేంద్రానికి చేరుకోవాలి. అది కొత్తగూడెం వైపు పడితే ఒక దూరం, ఖమ్మం పడితే వంద కిలోమీటర్ల పైమాటే. రైలు ఎక్కుదామన్నా 'భద్రాచలం రోడ్' అని పేరున్న స్టేషన్ నలభై కిలోమీటర్ల అవతల కొత్తగూడెంలో ఉంది.

పరీక్ష కాగితాన్ని వదిలి కంప్యూటర్‌కు ఎందుకు వెళ్ళిందో తెలుగువాళ్ళకు బాగా గుర్తు. 2016 జులైలో తెలంగాణ ఎంసెట్-2 ప్రశ్నపత్రం ఢిల్లీలోని ఒక ముద్రణాలయం నుంచి బయటికొచ్చింది. పరీక్ష రద్దయింది. వైద్యవిద్య సీటు కోసం రాసిన పిల్లలంతా సెప్టెంబరు 11న మళ్ళీ ఎంసెట్-3 రాయాల్సి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ 2017లో, తెలంగాణ 2018లో ఎంసెట్‌ను కంప్యూటర్ మీదికి మార్చాయి. ముద్రణాలయం, కట్టలు, సీళ్ళు, లారీలు మధ్యలో లేకపోతే దొంగకు చోటు తగ్గుతుందన్న ఆలోచన సరైనదే. అయితే 2023 మార్చిలో తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ ప్రశ్నపత్రాలు బయటికొచ్చింది కమిషన్ కాన్ఫిడెన్షియల్ సెక్షన్‌లోని కంప్యూటర్ నుంచే. అంతకుముందు అక్టోబరులో లక్షల మంది రాసిన గ్రూప్-1 ప్రిలిమ్స్ ఆ దెబ్బకు రద్దయింది. తాళం మారింది గాని, తాళంచెవి మనిషి చేతిలోనే ఉంది.

దొంగతనాన్ని కాసేపు పక్కన పెట్టి, ఏ దొంగా లేని పరీక్షనే చూద్దాం. పరీక్ష అంటే ఒకరు ఇంకొకరి మీద చెప్పే తీర్పు. ఆ తీర్పు మనిషి చెప్పడం మేలా, మొహం చూడని యంత్రం చెప్పడం మేలా?

యంత్రం వైపు ఉన్న వాదం చిన్నది కాదు. పరీక్షలో చూపు లేకపోవడం ఒక పుణ్యమని మనుషులు ఎప్పుడో కనిపెట్టారు. వెయ్యేళ్ళ కిందట సోంగ్ వంశపు చైనాలో ఉద్యోగ పరీక్ష జవాబుపత్రాల మీద పేర్లు కనపడకుండా కప్పేసేవారు. చేతిరాత కూడా పట్టుబడకూడదని గుమాస్తాలతో ప్రతి పత్రాన్నీ తిరగరాయించి, ఆ నకలునే దిద్దేవారికి ఇచ్చేవారు. ఇవాళ ఇంటర్ జవాబుపత్రం మీద బార్‌కోడ్ చేస్తున్నదీ అదే పని. మనుషులు దిద్దడంలో ఎంత తేడా ఉంటుందో 1913లోనే అమెరికాలో స్టార్చ్, ఎలియట్ అనే ఇద్దరు పరిశోధకులు చూపించారు. ఒకే జామెట్రీ జవాబుపత్రం నకళ్ళను వంద మందికి పైగా ఉపాధ్యాయులకు పంపితే, ఒకరు 28 వేశారు, ఇంకొకరు 90 దాటించారు. లెక్కల్లోనే ఇంత తేడా అయితే తెలుగు వ్యాసం సంగతి వేరే చెప్పాలా?

భద్రాద్రి మన్యంలో ఈ మాట ఇంకా లోతుగా తగులుతుంది. సోయం, పాయం, మడివి, పూనెం అన్న ఇంటిపేరు చదవగానే కోయ బిడ్డ అని ఈ ప్రాంతంలో ఎవరికైనా తెలిసిపోతుంది. తెలిసిన క్షణం నుంచి అంచనా మొదలవుతుంది. కొందరిలో అది జాలిగా, కొందరిలో చులకనగా ఉంటుంది, రెండూ ఆ పిల్లకు అక్కర్లేనివే. ఇంటిపేరు చూడని యంత్రం ముందు కూర్చున్నప్పుడు ఆమె రాసిన జవాబు ఒక్కటే లెక్కకు వస్తుంది. తరతరాలుగా మొహం చూసి తీర్పు చెప్పిన సమాజంలో ఇది నిజమైన విముక్తి. కంప్యూటర్ పరీక్షను తిట్టిపోసేవాళ్ళు ముందు ఈ సంగతికి సమాధానం చెప్పాలి.

అయినా నిష్పక్షపాతం, న్యాయం ఒకటి కాదు. ఆ తేడాను తెలంగాణ 2019లో చాలా పెద్ద ధర చెల్లించి తెలుసుకుంది.

ఆ ఏడాది ఏప్రిల్ 18న ఇంటర్ ఫలితాలు వచ్చాయి. తొమ్మిది లక్షలకు పైగా పిల్లలు రాస్తే మూడు లక్షలకు పైగా ఫెయిలయ్యారు. ఫలితాల పని చేసింది కొత్తగా బాధ్యత తీసుకున్న ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ. పరీక్ష రాసిన కొందరికి మెమోలో 'ఆబ్సెంట్' అని పడింది. మొదటి ఏడాది జిల్లాలోనే మంచి మార్కులు తెచ్చుకున్న మంచిర్యాల వైపు ఒక అమ్మాయికి రెండో ఏడాది తెలుగులో సున్నా వచ్చింది. జవాబుపత్రం తీసి చూస్తే వచ్చినవి 99. దిద్దినవారు ఓఎంఆర్ షీట్‌లో 99కి బదులు 00 గుండ్రాలు నింపారు. సరిచూడాల్సినవారు చూడలేదు. యంత్రం 00 ను 00 గానే చదివింది.

ఇక్కడ కాస్త ఆగాలి. యంత్రం అబద్ధం చెప్పలేదు. నింపిన గుండ్రాన్ని ఉన్నదున్నట్టు చదివింది. తన పని అది నూటికి నూరుపాళ్ళు సరిగా చేసింది. కానీ ఆ పిల్లకు చదువు చెప్పిన పంతులమ్మ చేతికి ఆ మెమో వచ్చి ఉంటే, 'నిరుడు అన్ని మార్కులు తెచ్చుకున్న పిల్లకు తెలుగులో సున్నా ఏమిటి?' అని ఒక్క క్షణంలో అనుమానించేది. ఆ అనుమానం తెలివికి సంబంధించినది కాదు, పిల్లను ఎరిగి ఉండడానికి సంబంధించినది. ఇంటిపేరును కప్పిన బార్‌కోడే ఆ పిల్ల నిన్నటి చదువునూ కప్పేసింది.

ఆ వారాల్లో ఇరవై మంది దాకా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ప్రభుత్వం త్రిసభ్య సంఘం వేసింది. సాఫ్ట్‌వేర్‌లోనూ బోర్డు పనితీరులోనూ లోపాలున్నాయని ఆ సంఘం చెప్పింది. ఫెయిలైన అందరి జవాబుపత్రాలూ డబ్బు తీసుకోకుండా మళ్ళీ చూడమని ముఖ్యమంత్రి ఆదేశించారు. చూస్తే 1,137 మంది పాసయ్యారు. మూడు లక్షల్లో అదెంత అని శాతాలు లెక్కగట్టినవాళ్ళూ ఉన్నారు. పాసై కూడా ఆ నెలంతా ఫెయిల్ అనిపించుకున్న పిల్లకు ఆ లెక్క చెప్పి ఒప్పించగలమా?

రుజువున్న తీర్పు కూడా న్యాయమేనా అన్న ప్రశ్న అడిగినవాడు మన పురాణాల్లో ఒకడున్నాడు. నన్నయ ఆదిపర్వంలో తెలుగు చేసిన మాండవ్యుడి కథ అది. మాండవ్యుడు మౌనవ్రతంలో ఉండగా దొంగలు రాజుగారి సొమ్ముతో వచ్చి ఆయన ఆశ్రమంలో దాక్కున్నారు. భటులు అడిగితే ఆయన పలకలేదు. వెతికితే సొమ్ము, దొంగలు అక్కడే దొరికారు. రుజువు కళ్ళెదుట ఉంది గనక రాజు మునిని కొరత వేయించాడు. తర్వాత నిజం తెలిసి కాళ్ళ మీద పడ్డాడు. కొరత మేకు కొస ఒంట్లోనే మిగిలిపోయి ఆయన ఆణిమాండవ్యుడయ్యాడు.

కథ అక్కడితో ముగిస్తే అది పొరపాటు పడ్డ రాజు కథ మాత్రమే. కానీ మాండవ్యుడు నేరుగా యముడి సభకు వెళ్ళి, ఏ పాపానికి తనకీ శిక్ష అని అడిగాడు. చిన్నప్పుడు తూనీగలను పుల్లలతో గుచ్చావు, దాని ఫలమిది అన్నాడు యముడు. ఆ మాటా నిజమే. చిట్టాలో తప్పులేదు. కానీ ఊహ తెలియని వయసులో చేసినదానికి ఇంత శిక్షా అని ముని మండిపడ్డాడు. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలు చేసినది పాపం కాదని కట్టడి చేశాడు. అలాంటి తీర్పు చెప్పినందుకు యముణ్ణి దాసి కడుపున పుట్టమని శపించాడు. ఆ పుట్టినవాడే విదురుడు. భారతమంతటా రాజుల మొహం మీద న్యాయం మాట్లాడే మనిషి.

కొలిచే యంత్రాల కాలంలో ఈ కథను మళ్ళీ చదవాలి. ఇందులో రెండు తీర్పులున్నాయి, రెండింటి వెనుకా నిజమైన రుజువు ఉంది. ఆశ్రమంలో సొమ్ము దొరికిన మాట నిజం, తూనీగల మాటా నిజం. అయినా రెండు తీర్పులూ అన్యాయం. ఇంకా పెద్ద సంగతి, శిక్ష పడ్డవాడు అడగడానికి ఒక సభ ఉంది, జవాబు చెప్పడానికి అందులో ఒకడున్నాడు. జవాబు చాలలేదని తేలినప్పుడు చట్టమూ మారింది, తీర్పరీ మూల్యం చెల్లించాడు. ధర్మదేవతే అడిగినవాడికి జవాబుదారీ అయిన చోట పరీక్షల బోర్డుకు మినహాయింపు ఎలా ఉంటుంది?

మన ఊహలో చిట్టా రాసేవాడు, తీర్పు చెప్పేవాడు ఎప్పుడూ వేర్వేరుగా ఉన్నారు. చిత్రగుప్తుడు చదువుతాడు, యముడు నిర్ణయిస్తాడు. ఇస్లాంలో మనిషి చేసిన మంచీచెడ్డా రాసే ఇద్దరు దేవదూతలున్నారు. తీర్పు మాత్రం వాళ్ళది కాదు, అల్లాది. రాసిపెట్టడానికి మరుపులేని జ్ఞాపకం చాలు. నిర్ణయించడానికి ఇంకేదో కావాలని ఈ రెండు మతాలూ గుర్తించాయి. కంప్యూటర్‌ను చిత్రగుప్తుడి పీట మీద కూర్చోబెడితే అంతకన్నా మంచి గుమాస్తా దొరకదు. మార్కు పడిన మరుక్షణం పాస్, ఫెయిల్, ర్యాంకు, సీటు అన్నీ అదే తేల్చేసే ఏర్పాటులో చిత్రగుప్తుడు యముడి గద్దె కూడా ఎక్కేస్తున్నాడు.

బ్రిటన్‌లో 2020లో ఇదే జరిగింది. కరోనా వల్ల పరీక్షలు లేవు. పంతుళ్ళు వేసిన అంచనా గ్రేడ్లను ఒక సూత్రంతో సవరించారు. ఆ బడిలో వెనకటేళ్ళ పిల్లలు ఎలా చదివారన్నదీ ఆ సూత్రంలో కలిపారు. ఆగస్టు 13న ఏ-లెవెల్ ఫలితాలొస్తే ఇంగ్లండ్‌లో నలభై శాతం దాకా గ్రేడ్లు పంతుళ్ళు వేసినదానికన్నా తగ్గాయి. వెనుకబడిన బడిలో పుట్టుకొచ్చిన చురుకైన పిల్లలు తమకు ముందు చదివిన ఎవరివో మార్కులు మోయాల్సి వచ్చింది. పిల్లలు వీధికెక్కారు. నాలుగు రోజుల్లో, ఆగస్టు 17న, ప్రభుత్వం వెనక్కి తగ్గి పంతుళ్ళ గ్రేడ్లే ఖాయం చేసింది. మన్యంలోని గురుకులం నుంచి మొదటిసారి ర్యాంకు తేబోయే పిల్లను అలాంటి సూత్రం ఏం చేస్తుందో ఊహించడం కష్టం కాదు.

ముంబై విశ్వవిద్యాలయం 2017లో తగిన సన్నాహం లేకుండా లక్షల జవాబుపత్రాలను స్కాన్ చేసి తెర మీద దిద్దించబోతే ఫలితాలు నెలల తరబడి ఆగిపోయాయి. పై చదువులకు వెళ్ళాల్సిన పిల్లలు ఇరుక్కుపోయారు. అక్టోబరులో గవర్నరు వైస్ ఛాన్సలర్‌ను తొలగించారు. ఆ పిల్లల నెలలు తిరిగి రాలేదు. కానీ సాఫ్ట్‌వేర్ మీదికి నెట్టేసి ఊరుకోకుండా బాధ్యుడైన మనిషి ఒకడున్నాడని అక్కడ ఒప్పుకున్నారు. మాండవ్యుడి కథకు ఇది కొంతైనా దగ్గరి పోలిక.

భాష సంగతి కూడా ఉంది. జేఈఈ మెయిన్ 2021 నుంచి తెలుగులోనూ రాయొచ్చు, నీట్ 2017 నుంచే రాయొచ్చు. సారపాక చుట్టుపక్కల గూడేల్లో ఇంట్లో కోయ మాట్లాడే బిడ్డకు తెలుగే రెండో భాష. 2004లో ఉమ్మడి రాష్ట్రం కోయతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక పాఠాలు మొదలుపెట్టింది గాని, పరీక్ష తెర దాకా ఆ భాష రాలేదు. పట్నంలో కార్పొరేట్ కాలేజీ పిల్ల వారం వారం తెర మీద పరీక్ష రాస్తూ మౌస్‌కు అలవాటు పడుతుంది. మూడు గంటల్లో 160 ప్రశ్నలున్న రాష్ట్ర ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్షలో ప్రతి నిమిషమూ ర్యాంకే. మౌస్ కొత్తగా పట్టిన చేయి పోగొట్టుకునే నిమిషాలను ఏ నార్మలైజేషనూ తిరిగి ఇవ్వదు, ఎందుకంటే అది ఒక పూటకూ ఇంకో పూటకూ ఉన్న తేడాను సరిచేస్తుంది గాని, ఒక బాల్యానికీ ఇంకో బాల్యానికీ ఉన్న తేడాను కాదు. యంత్రం అందరినీ ఒకేలా చూసిందన్నది నిజమే. అందరూ దాని ముందుకు ఒకేలా రాలేదన్నది కూడా అంతే నిజం.

అడిగే హక్కుకు ఈ నేల మీదే ఒక పెద్ద సాక్ష్యం ఉంది. పదిహేడో శతాబ్దిలో పాల్వంచ తహసీల్దారు కంచెర్ల గోపన్న పన్ను సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించాడు. గోల్కొండ లెక్కల పుస్తకం ప్రకారం ఆయన దోషే, ఖజానాకు చేరాల్సిన సొమ్ము చేరలేదు. పన్నెండేళ్ళు చెరసాలలో ఉన్నాడంటారు. రామలక్ష్మణులే వచ్చి తానీషాకు ఆరు లక్షల వరహాలు కట్టి రసీదు తీసుకున్నారని ఇక్కడి జనం నమ్మకం. ఆ చెరలో పుట్టాయని చెప్పే కీర్తనల్లో రామదాసు వేడుకోవడంతో ఆగడు. నగలకు ఎంత ఖర్చయిందో పేరు పేరునా లెక్క చెబుతూ దేవుణ్ణే నిలదీస్తాడు. ఏటా శ్రీరామనవమికి లక్షల మంది వచ్చే ఆ గుడిలో, తీర్పు కింద నలిగినవాడు గొంతెత్తి అడగడం భక్తిలో భాగమే తప్ప ధిక్కారం కాదు.

మార్కుల తీర్పు మీద అడగడానికి ఇవాళ దారి లేకపోలేదు. తమ జవాబుపత్రాన్ని దిద్దిన తర్వాత చూసుకునే హక్కు సమాచార హక్కు చట్టం కింద విద్యార్థికి ఉందని సుప్రీంకోర్టు 2011 ఆగస్టులో సీబీఎస్ఈ కేసులో తేల్చింది. ప్రవేశ పరీక్షల్లో ప్రాథమిక కీ మీద అభ్యంతరం చెప్పొచ్చు. ఇంటర్‌లో రీకౌంటింగ్‌కు పేపరుకు 100 రూపాయలు, స్కాన్ చేసిన జవాబుపత్రంతో పాటు రీవెరిఫికేషన్‌కు 600 కట్టాలి. ఆరు పేపర్లకు 3,600. రోజుకూలీ మీద బతికే ఇంటికి అది ఎన్ని రోజుల కూలీయో లెక్క వేసుకోవచ్చు.

గడువు కూడా చిన్నది. 2025లో ఫలితాలు ఏప్రిల్ 22న వచ్చాయి, దరఖాస్తులకు ఆ నెలాఖరు దాకా వారమే గడువిచ్చారు. మన్యంలో ఆ రోజులు తునికాకు కోతవి. ఏడాదిలో నాలుగు రూపాయలు చేతికొచ్చే ఆ కొద్ది వారాల్లో ఇంటిల్లిపాదీ తెల్లవారకముందే అడవికి పోయి, మధ్యాహ్నం ఆకు యాభైకి ఒక కట్ట కట్టి, సాయంత్రం కల్లంలో లెక్క అప్పజెబుతారు. మెమో సెల్‌ఫోన్‌లో చూసి నెట్ సెంటర్‌కు పోయి, ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి, ఏ పేపరుకు ఏం అడగాలో తేల్చుకునే తీరిక ఎవరికుంటుంది? అలాంటప్పుడు పిల్ల తాను నిజంగా ఫెయిలైందనే నమ్మేస్తుంది. చీకటి ఆలోచనలు ముసిరితే టెలీ మానస్ 14416 కు ఫోన్ చేస్తే తెలుగులో ఒక మనిషి గొంతు పలుకుతుంది, ఆ సంగతి ప్రతి కాలేజీ గోడ మీదా ఉండాలి. మార్కు గురించి అడిగినప్పుడూ అలాంటి గొంతు ఒకటి పలకాలి.

అందుకు కావలసింది కొత్త సిద్ధాంతమేమీ కాదు. ఫెయిలైన ప్రతి పిల్ల జవాబుపత్రం స్కాను అడగకుండానే, పైసా తీసుకోకుండా ఆమె ఫోనుకు రావాలి. ఒక సబ్జెక్టులో సున్నా, మిగతావాటిలో మంచి మార్కులు కనబడితే ఫలితం బయటికి రాకముందే యంత్రం దాన్ని పక్కకు తీసి ఒక లెక్చరర్ చేతికి ఇవ్వాలి. ఏ పేపరు ఎవరు సరిచూశారో బోర్డు పేరుతో సహా చెప్పగలగాలి. గడువు తునికాకు కోత ముగిసేదాకా ఉండాలి. 2019లో ఇరవై మంది దాకా పోయిన తర్వాత మూడు లక్షల మంది పత్రాలను బోర్డు మళ్ళీ చూడగలిగింది. ఆ పనిని ఎవరూ పోకముందే ఏటా చెయ్యడానికి సరిపడా కంప్యూటర్లు దాని దగ్గర ఇప్పటికే ఉన్నాయి.